మ్యాన్‌హోల్ పాఠంలో మనిషి ఎక్కడ?

పర్యావరణ ఇంజనీరింగ్ ఎం.టెక్. విద్యార్థులకు భూగర్భ డ్రైనేజీ రూపకల్పన బోధించేటప్పుడు ఏటా నేను బోర్డు మీద రాసే అంకె ఒకటుంది: 30 మీటర్లు. కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 1993లో వెలువరించిన మాన్యువల్ ప్రకారం, మనిషి దూరలేని గొట్టాలను చేతితో శుభ్రం చేసేచోట రెండు మ్యాన్‌హోళ్ల మధ్య దూరం అంతకు మించరాదు. యంత్రంతో శుభ్రం చేసేట్లయితే ఆ దూరం యంత్రాన్ని బట్టి ఉంటుంది. చాలా ఏళ్లపాటు ఈ నియమాన్ని నేను జ్యామితిగానే బోధించాను. ‘చేతితో’ అని ఉంది గదా, ఎవరి చేతితో అని నేను చెప్పలేదు, విద్యార్థులూ అడగలేదు. వెదురుబద్దను లోపలికి నెట్టే ఆ చెయ్యి ఎవరిదో ఈ దేశంలో అందరికీ తెలుసు కనుకనే పుస్తకం చెప్పవలసిన అవసరం రాలేదేమో!

అదే 1993లో పార్లమెంటు పాకీపనిని నిషేధిస్తూ చట్టం చేసింది. అయితే ఆ చట్టం చూపు పొడి మరుగుదొడ్ల మీదే. మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దిగే మనిషి చట్టం కంట పడటానికి 2013 దాకా ఆగవలసివచ్చింది. ఆ కొత్త చట్టం సైతం రక్షణ పరికరాలు లేకుండా దింపడాన్నే నిషేధించింది.

మా పుస్తకాలు మురుగు కాలువలోని ప్రమాదాన్ని ఎరగవని కాదు. గొట్టం గోడలకు పట్టిన జిగురుపొరలో, ఆక్సిజన్ లేనిచోట, బ్యాక్టీరియా సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువై పైకి లేచి, పైకప్పు తేమలో మరో రకం బ్యాక్టీరియా చేతిలో సల్ఫ్యూరిక్ ఆమ్లమై కాంక్రీటును తినేస్తుంది. ఎంత సల్ఫైడు పుడుతుందో, గోడ ఏ వేగంతో అరుగుతుందో అంచనా కట్టే సమీకరణాలు మా దగ్గర ఉన్నాయి. పరీక్షల్లో అడుగుతాం కూడా. అదే వాయువు 100 పీపీఎం స్థాయికి చేరితే కొద్దిసేపట్లోనే ముక్కు దాని వాసనను పసిగట్టలేకపోతుంది. ఇంకొన్ని వందలు దాటితే మనిషి కొన్ని శ్వాసల్లోనే కూలిపోతాడు. వాసన పోయింది కాబట్టి ప్రమాదం తప్పిందనుకుంటాడు లోపలున్నవాడు. అతన్ని కాపాడబోయి రెండోవాడు, అతని కోసం మూడోవాడు దిగుతారు. ఒకే గోతిలో ముగ్గురి మరణమన్న వార్త వెనుక రసాయనశాస్త్రం ఇదే. తరగతిలో మేము గంటల తరబడి చర్చించేది మాత్రం కాంక్రీటు ఆయుష్షును గురించి.

దిగేవారెవరో ఊహించనక్కర్లేదు. నమస్తే పథకం కింద 2024 నాటికి కేంద్రం వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలే; ఎస్సీలే 69 శాతం. కోలార్ గనుల్లో తెలుగు దళిత పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ తదితరుల ఉద్యమం వేసిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు, 1993 నుంచి ఇలా మరణించిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని ఆదేశించింది. 2023లో మరో కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ చరిత్రలో పర్యావరణ ఇంజనీర్ల పాత్ర ఎంత అని వెతికితే చెప్పుకోదగిందేమీ నాకు దొరకలేదు.

కొన్నేళ్ల క్రితం, అప్పుడు నేను పనిచేస్తున్న విశ్వవిద్యాలయంలో, ఒక దళిత విద్యార్థి పీహెచ్‌డీ ప్రతిపాదన తెచ్చాడు. చిన్న పట్టణాల సెప్టిక్ ట్యాంకుల్లో వాయువుల సాంద్రతను వేర్వేరు వేళల్లో కొలిచి, కార్మికులు ఏ వేళలో, ఏ పద్ధతిలో దిగుతున్నారో దానితో పోల్చాలన్నది అతని ఆలోచన. ‘ఇది సామాజికశాస్త్రం, మన శాఖది కాదు’ అని కమిటీలో ఒక పెద్దాయన తేల్చేశారు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ విద్యార్థి చివరికి నీటిలోని భారలోహాల తొలగింపుపై పీహెచ్‌డీ చేశాడు; మంచి పనే చేశాడు. వాళ్ల తాత మునిసిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికుడని నాకు తర్వాత తెలిసింది. రిజర్వేషన్ అతన్ని మా ప్రయోగశాల దాకా తీసుకురాగలిగింది గాని, అతని ప్రశ్నను లోపలికి రానివ్వనిది మేమే.

అది సామాజికశాస్త్రమే అయితే, 2017లో హైదరాబాద్ జలమండలి చేసిన పని ఏ శాస్త్రం? పెద్ద జెట్టింగ్ లారీలు ఇరుకు సందుల్లోకి రాలేవు. అక్కడ మనిషే దిగాలి. జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీతో కలిసి, ఆ సందుల్లో పట్టే 70 చిన్న యంత్రాలను రంగంలోకి దించింది. రెండేళ్లకు ఢిల్లీ కూడా ఆ దారి పట్టింది. యంత్రం వచ్చాక కూడా ఆ పని దళితుల పేరనే ఉండాలా అన్న ప్రశ్న వేరే ఉంది, అది చిన్నదేమీ కాదు. కానీ వాహనం వెడల్పు, గొట్టం పొడవు, పీడనం అన్నీ మా శాఖ సులువుగా లెక్కగట్టగల విషయాలే. అవి పరిశోధనాంశాలుగా మా విద్యార్థుల ముందుకు రాకపోవడానికి కారణం సాంకేతికం కాదు.

2021 నుంచి గేట్‌లో పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్‌కు ప్రత్యేక పేపరు వచ్చింది. ఈ రంగంలోకి వచ్చే యువత పెరుగుతోంది. వారికి 2013 చట్టాన్ని, దానిలో ఆధునిక సాంకేతికతను వాడటం స్థానిక సంస్థల విధి అని చెప్పే 33వ సెక్షన్‌ను డిజైన్ పాఠంలోనే చెప్పాలి. ‘సమాజం–పర్యావరణం’ అనే ఐచ్ఛిక కోర్సుకు నెట్టేస్తే సగం మంది దాని మొహమే చూడరు. సిలబస్ మారే లోపు నేను చేయగలిగింది ప్రశ్నపత్రంలోనే. నిరుడు డిజైన్ సమస్యకు చివర ఒక భాగం చేర్చాను: గొట్టం వ్యాసం, వాలు, మ్యాన్‌హోళ్ల దూరం తేల్చాక, అది పూడుకుపోతే ఎవరూ లోపలికి దిగకుండా ఎలా తెరుస్తారో రాయండి అని. చాలామంది ఆ భాగాన్ని ఖాళీగా వదిలేశారు. ఒక అమ్మాయి మాత్రం వీధి వెడల్పును, అందులోకి రాగల యంత్రాన్ని, దాని గొట్టం పొడవును ముందుగా రాసుకుని, మ్యాన్‌హోళ్ల దూరాన్ని వాటి నుంచి లెక్కగట్టింది. అంతకుముందు తానే రాసిన 30ని కొట్టేసింది.