కాటూరు రెడ్డిగారి బాట – మన పరిశోధకుల పాట్లు

కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతిని 1994లో మరొకరితో కలిసి అందుకున్న డాక్టర్ రాజ్ రెడ్డిగారు అవిభక్త చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రైతు బిడ్డ. మన సభల్లో ఆయన పేరెత్తితే చాలు, చప్పట్లు మోగుతాయి. పల్లె నుంచి అమెరికా చేరిన వైనం వక్తలందరూ చెబుతారు. చేరిన తరువాత ఆయన పరిశోధన ఎలా సాగించారు, శిష్యులతో ఎలా మెలిగారు అన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. మన విశ్వవిద్యాలయాలకు పనికివచ్చేది ఆ సంగతే.

1958లో మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని, ఆస్ట్రేలియాలో ఎం.టెక్. చదివి, అక్కడే ఐ.బి.ఎం. కంపెనీలో ఉద్యోగం చేశారాయన. అక్కడే స్థిరపడి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆ కొలువు వదులుకొని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ మెకార్తీ వద్ద చేరి 1966లో డాక్టరేటు పొందారు. మనిషి మాటను యంత్రం గుర్తుపట్టేలా చేయడం ఆయన పట్టుకున్న సమస్య.

1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌కు మారారు. సరిగ్గా ఆ ఏడే బెల్ ప్రయోగశాలకు చెందిన జాన్ పియర్స్ అనే పేరుమోసిన శాస్త్రజ్ఞుడు ఇటువంటి పరిశోధనలను ఎద్దేవా చేస్తూ ఒక శాస్త్ర పత్రికకు లేఖ రాశాడు. అంతటివాడు పెదవి విరిచినా రెడ్డిగారు వెనుదీయలేదు. 1976 నాటికి ఆయన బృందం రూపొందించిన 'హార్పీ' 1,011 పదాల పరిధిలో మాట్లాడిన వాక్యాలను గుర్తించగలిగింది. వెయ్యి మాటలకు ఏడేళ్లు! మన దగ్గరైతే మూడేళ్లు తిరక్కుండానే ఎన్ని పేపర్లు అచ్చయ్యాయని నిలదీస్తారు. అడగవద్దని కాదు, అదొక్కటే అడుగుతున్నారని బాధ.

అంతకన్నా ముఖ్యమైన ఘట్టం 1980లలో జరిగింది. కై ఫు లీ అనే శిష్యుడు గురువుగారి పద్ధతితో విభేదించాడు. నిపుణుల జ్ఞానాన్ని నియమాలుగా మలచి యంత్రానికి అందించడం అప్పటి దారి. అలా కాదు, వేలాది వాక్యాలు వినిపించి గణాంకాల ద్వారా యంత్రమే నేర్చుకునేలా చేస్తానన్నాడు లీ. రెడ్డిగారికి ఆ వాదన రుచించలేదు. నీతో ఏకీభవించను గాని నీకు అండగా ఉంటానన్నారట. ఈ సంగతి లీ స్వయంగా చెప్పుకున్నదే. 1988లో ఆ శిష్యుడి 'స్ఫింక్స్' ఫలానా గొంతు అని లేకుండా, ఆగి ఆగి పలకనక్కరలేకుండా, ఎవరు మాట్లాడినా గుర్తించింది. శిష్యుడి మాటే నెగ్గింది. దానివల్ల గురువుగారి పరువేమీ పోలేదు. 1991 నుంచి 1999 వరకు ఆ విశ్వవిద్యాలయంలోనే కంప్యూటర్ సైన్స్ విభాగాలన్నిటికీ డీన్‌గా ఉన్నారు.

ఇక మన సంగతి. నాకు తెలిసిన ఒక పరిశోధక విద్యార్థి తన గైడుగారి పాత సిద్ధాంతంలో ఒక లెక్క సరిపోవడం లేదని వినయంగానే చెప్పాడు. ఆ తరువాత ఏడాదిన్నరపాటు అతని కాగితాల మీద సంతకం పడలేదు. ఈలోగా గైడుగారి ఇంటి కరెంటు బిల్లు కట్టడం, బంధువుల రైలు టికెట్లు తీయడం అతని వంతయింది. చివరకు ఆ లెక్క ఊసెత్తకుండా సిద్ధాంత వ్యాసం ముగించి పట్టా తెచ్చుకున్నాడు. ఊరు, పేరు ఇక్కడ అనవసరం. ఇలాంటివారు ఒక్కరే అయితే ఈ నాలుగు మాటలు రాయవలసిన పనే లేదు.

విద్యార్థి పనిని చూడడానికి సలహా సంఘాలు నిబంధనల్లో ఉన్నాయి. అందులో గైడుగారే ముఖ్యులు కాబట్టి ఆయన ఎదుట నోరు విప్పేదెవరు? గైడుతో అభిప్రాయభేదం వస్తే దాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. గైడును మార్చుకునే దరఖాస్తుపై నెలలోగా నిర్ణయం వెలువడాలి. విద్యార్థి చేత ఇంటి చాకిరీ చేయించుకునే వారికి కొత్త విద్యార్థులను కేటాయించకూడదు. వీటికి కోట్ల రూపాయల నిధులు అక్కరలేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

రాజ్ రెడ్డిగారి పేరు చెప్పి సభలు జరిపే పెద్దలు ఈసారి శాలువాల కార్యక్రమం కాస్త కుదించి, ఆ సమయంలో పరిశోధక విద్యార్థులను, గైడులు లేని గదిలో కూర్చోబెట్టి, వారి గోడు వినగలరా?