పత్తి రైతుకు మిగిలిన అడ్డుగోడనూ కూల్చారు

విదేశీ పత్తిపై 11 శాతం దిగుమతి సుంకం రద్దును 2025 డిసెంబరు 31 దాకా పొడిగిస్తూ ఆ ఏడాది ఆగస్టు 28న కేంద్రం తీసుకున్న నిర్ణయం పత్తి రైతుకు చేసిన ద్రోహం. అంతకు పది రోజుల ముందటి తొలి ఉత్తర్వులో గడువు సెప్టెంబరు 30 అన్నారు. అప్పటికి చాలాచోట్ల చేలో కాయ పగలదు కనుక ఆ గడువుకు ఏదో ఒక అర్థం వెతుక్కోవచ్చు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు అలాంటివి కావు. ఆదిలాబాద్ నుంచి ఆదోని దాకా మార్కెట్ యార్డులకు పత్తి పోటెత్తే నెలలవి. సుంకం ఉంటుందన్న లెక్కతో జూన్, జులైలో విత్తనం పెట్టిన రైతుకు, చేను పూత మీదుండగా ఆ లెక్క తలకిందులైంది.

2025 ఆగస్టులో మన సరుకులపై అమెరికా వేసిన 50 శాతం సుంకాలతో తిరుప్పూరు వంటి వస్త్ర కేంద్రాల్లో కార్మికుల ఉపాధికే ముప్పొచ్చిందన్న మిల్లుల ఆవేదన నిజమే, వారిని ఆదుకోవలసిందే. అందుకు ఖజానా ఉంది. రెండెకరాల రైతు మీద ఆ భారం మోపడమేమిటి?

అంతకన్నా సహించరానిది కేంద్రం ఇచ్చుకున్న సంజాయిషీ. దిగుమతయ్యే పత్తి ప్రత్యేక పారిశ్రామిక అవసరాలకు, బ్రాండ్ల ఎగుమతి ఒప్పందాలకు వాడేదనీ, దేశీయ పత్తికి అది పోటీ కాదనీ, మద్దతు ధర ఉంది కనుక రైతుకు ఢోకా లేదనీ ప్రభుత్వం చెప్పింది. ఈ మాటల్లో నిజాయతీ లేదు.

మన దగ్గర తక్కువగా పండే, మిల్లులకు నిజంగా అవసరమైన ప్రత్యేక రకం అతి పొడవు పింజ పత్తి. పింజ 32 మిల్లీమీటర్లు దాటిన ఆ పత్తిపై సుంకాన్ని 2024 ఫిబ్రవరిలోనే ఎత్తేశారు. మరి 2025 ఆగస్టులో ఎత్తేసింది దేనిపైన? వరంగల్, గుంటూరు రైతులు పండించే పింజపైన. పోటీయే లేకపోతే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన భారత పత్తి సంస్థ (సీసీఐ) తన నిల్వల ధర ఎందుకు తగ్గించుకుంది? సుంకం రద్దు అమల్లోకి వచ్చిన ఆగస్టు 19నే క్యాండీకి, అంటే 356 కిలోల దూదికి, 600 రూపాయలు కోసింది. మర్నాడు మరో 500. పోటీ లేదని ప్రభుత్వం చెప్పినా, ఉందని దాని సంస్థ మార్కెట్లో ఒప్పేసుకుంది.

ఇక మద్దతు ధర. మధ్యస్థ పింజకు 2025-26 సీజన్‌కు ప్రకటించింది క్వింటాలుకు 7,710 రూపాయలు. సాగు ఖర్చు 5,140గా లెక్కగట్టి, దానికి సగం కలిపారు. ఆ ఖర్చులో సొంత భూమి కౌలు విలువ లేదు, సొంత పెట్టుబడిపై వడ్డీ లేదు. అవి కలిపితే 10,075 రావాలన్నది రైతు సంఘాల లెక్క. పోనీ, ప్రకటించిన ధరైనా అందరికీ దక్కుతుందా? 2024-25 సీజన్‌లో సీసీఐ కొన్నది దాదాపు కోటి బేళ్లు, దేశంలో పండిన దాంట్లో ఇంచుమించు మూడో వంతు. మిగతా పత్తికి ధర కట్టింది బయటి వ్యాపారులే.

సీసీఐ గేటు దాకా వెళ్లినవారికీ తిప్పలు తప్పవు. తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర. పెరిగేకొద్దీ కోత, 12 దాటితే బండి వెనక్కే. వానలు ఆలస్యంగా కురిసిన ఏడాది తొలి ఏరుడు పత్తిలో ఆ తేమ ఎక్కడి నుంచి తగ్గుతుంది? పైగా 2025-26 సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పాసు పుస్తకం భూ యజమాని దగ్గర, అప్పు మాత్రం తన నెత్తిన ఉన్న కౌలు రైతు ఏ పేరుతో నమోదు చేసుకోవాలి? వడ్డీకి డబ్బిచ్చిన వ్యాపారికే పత్తి పోసే ఆ మనిషికి, బయటి మార్కెట్లో క్వింటాలుకు తగ్గే ప్రతి వందా నేరుగా ఇంటి ఖర్చులోంచి పోతుంది.

ఈ పోటీలో అవతలి పక్క ఉన్నది ప్రభుత్వ సొమ్ము అండతో వందల ఎకరాలు సాగు చేసే అమెరికా రైతు. ఆ రాయితీలు తమ రైతుల్ని ముంచుతున్నాయని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లోనే ప్రపంచ వాణిజ్య సంస్థలో మొరపెట్టుకున్నాయి. బ్రెజిల్ కేసు వేసి 2005లో గెలిచింది. ఏళ్ల పేచీ తర్వాత, 2014లో 30 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అంత బలం లేని ఆఫ్రికా దేశాల చిన్న రైతులకు ప్రధానంగా మిగిలినవి హామీలే. మన రైతుకు 11 శాతం సుంకమైనా ఉండేది. దాన్ని మనమే తీసేశాం.

రైతుల ప్రయోజనాల విషయంలో రాజీ పడేది లేదని, అందుకు వ్యక్తిగతంగా ఎంత మూల్యమైనా చెల్లిస్తానని ప్రధాని 2025 ఆగస్టు 7న, వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ శతజయంతి వేదికపై ప్రకటించారు. తొలి ఉత్తర్వు వచ్చింది ఆ తర్వాత పదకొండో రోజున. ఆ మాటకు విలువ ఉండాలంటే 2025 అక్టోబరు 1 నుంచే సుంకాన్ని తిరిగి విధించాల్సింది. మిల్లులకు ఊరట వడ్డీ రాయితీ రూపంలో బడ్జెట్ నుంచే ఇవ్వాలి. తొలి ఏరుడు ఇంటికి చేరేలోగా సీసీఐ కేంద్రాలన్నీ తెరవాలి. గ్రామంలో విచారించి ఇచ్చే సాగు ధ్రువపత్రంతో కౌలు రైతు పత్తిని అతని పేరు మీదే కొని, డబ్బు అతని ఖాతాలోనే వేయాలి.