కొత్త కత్తెర కోతలు

అప్‌గ్రేడ్ అంటే ముందడుగేనా? వీడియో ఎడిటర్లకు 2011 జూన్ వేరే పాఠం నేర్పింది. ఆ నెల యాపిల్ 299.99 డాలర్లకు ఫైనల్ కట్ ప్రో టెన్‌ను విడుదల చేసింది. వేగం పెరిగింది, ధర తగ్గింది. కానీ వెర్షన్ 7లో చేసిన ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. పలు కెమెరాల దృశ్యాలను కలిపి కూర్చే మల్టీక్యామ్ సదుపాయమూ మాయమైంది. ఎడిటర్లు గగ్గోలు పెట్టారు. అదును చూసి అడోబ్, తన ప్రీమియర్ ప్రోకు మారితే సగం ధరకే ఇస్తానంది. మల్టీక్యామ్ 2012 జనవరిలో తిరిగొచ్చినా అప్పటికే చాలామంది గడప దాటారు.

వారికీ నిశ్చింత దక్కలేదు. 2013లో అడోబ్ తన కొత్త వెర్షన్లకు చందా పద్ధతి పెట్టింది. చందా ఆగితే సాఫ్ట్‌వేరూ ఆగుతుంది. పోనీ, వెర్షన్ 7నే నమ్ముకుందామంటే 2017లో వచ్చిన మ్యాక్ ఓఎస్ హై సియెర్రాలో అది పనిచేయలేదు.

ఉండిపోయినా, మారినా మూల్యం తప్పదు. అందుకే ధర కంటే ముందు చూడాల్సింది, పాత పని తెరుచుకుంటుందా అన్నది. డావిన్సీ రిజాల్వ్ లాంటి వాటికి ఉచిత వెర్షన్ ఉంది. పాత ప్రాజెక్టుతో పరీక్షించాకే మారడం మేలు. పని సగంలో ఉండగా మాత్రం వద్దు. పూర్తయిన ప్రతి పనికీ అన్నిచోట్లా తెరుచుకునే వీడియో కాపీ దాచుకోవాలి. కత్తెర కంపెనీది కావచ్చు, కష్టం ఎడిటర్‌ది.