గట్టున కూర్చునేవారు కావాలి

విహారమనే మాటకు కాలానికొక అర్థం, దేశానికొక రూపం ఉంటూ వచ్చాయి. మోటారుకారు వెనుక ఒక చక్రాల ఇంటిని తగిలించుకొని, పొయ్యి, పడక, దీపం అన్నీ దానిలోనే అమర్చుకొని, జనసమ్మర్దానికి దూరంగా ఏ సరస్సు ఒడ్డుననో నాలుగు రోజులు నిలిచి, గాలం వేసుకొని కూర్చోవడం అమెరికా దేశంలో 1920, 1930 దశకాలలో బలపడిన అలవాటు. కారవాన్ అనే పేరుతో అది మన దేశానికీ వచ్చింది. కేరళ ప్రభుత్వం 2021లో దానికొక విధానమే ప్రకటించింది. పెన్నానది కొండను చీల్చుకొని పారే గండికోట అంచున సెలవు రోజులలో నగరవాసుల గుడారాలు వెలుస్తున్నాయి. అదే పెన్న ఆంధ్రదేశంలో అడుగుపెట్టే హిందూపురం ప్రాంతంలోను, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలోను యువకులకు ఈ ముచ్చట కొత్తది కాదు.

ఈ ముచ్చటను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. నీటి ఒడ్డున కాసేపు ఊరక కూర్చోవలెననే కోరిక మనిషికి కలిగే మంచి కోరికలలో ఒకటి. అయితే ఆ కోరిక మన సీమలో ఏ రూపం ధరించవలెనన్నది ఆలోచింపదగిన విషయం. మనకు నీటి ఒడ్డు అనగా చెరువు గట్టు. ఆ గట్టు మీద మనిషి అతిథిగా కూర్చోవలెను గాని యజమానిగా కాదు. ఆ అతిథిధర్మాన్ని నేర్పవలసిన చోటు బడి. మన పిల్లలు గట్టున కూర్చోవడం మానివేస్తే చెరువును చూచేవారుండరు. చూచేవారు లేని చెరువు నిలువదు. నేను చెప్పదలచినదంతా ఇంతే.

అమెరికా, కెనడా దేశాలలోని సరస్సులలో అనేకం ప్రకృతి ఇచ్చినవి. మనకు ఆ భాగ్యం లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం పడే నేల ఇది. పెన్న, చిత్రావతి రెండూ నంది కొండల సీమలో పుట్టి మన వైపు వస్తాయి గాని, సంవత్సరంలో ఎక్కువ కాలం వాటిలో కనబడేది ఇసుకే. అందుచేత పూర్వులు పారే నీటిని ఆపి చెరువులు కట్టారు. ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు, పరిగి చెరువు, ఏదీ దానంతట అది పుట్టినది కాదు. క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేర ఊరు నిలిపినందున ధర్మవరమైనదని అక్కడివారి ఐతిహ్యం. కొడుకును, కావ్యాన్ని, దేవాలయాన్ని, వనాన్ని లెక్కించిన సప్తసంతానాలలో చెరువునూ చేర్చిన జాతి మనది.

ఇది భావుకత మాత్రమే కాదు, శాస్త్రం కూడా. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు మీది 1369 నాటి శాసనాన్ని చూడండి. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువది. దినానికి వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరాల శ్రమ అని లెక్క చెప్పి ఊరుకోక, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తగని ఆరు దోషాలను ఆ శాసనం విప్పి చెబుతుంది. కట్ట నుండి నీరు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం మరొక దోషం. పైనున్న రాష్ట్రంలో పుట్టే ఏళ్ల మీద ఆధారపడిన హిందూపురంవారికి ఈ మూడవ మాటలోని లోతు వేరే చెప్పనక్కరలేదు.

పెనుకొండ కథ మరింత ముచ్చటైనది. అక్కడ ఏలుబడి చేస్తున్న రాకుమారుడు బుక్కరాయలు 1388లో సింగయభట్టు అనే జలసూత్ర నిపుణుని పిలిచి, శాసనంలో హెన్నె అని పేర్కొన్న పెన్నానదిని పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించాడు. సింగయభట్టు సిరువెర చెరువుకు కాలువ నడిపించి, దానికి రాజు పేరు పెట్టి, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు. ఆరు శతాబ్దాల తరువాత, 2016లో, హంద్రీ–నీవా పథకం ద్వారా శ్రీశైలం జలాశయం నుండి కృష్ణ నీరు అదే పెనుకొండ పక్కనున్న గొల్లపల్లి జలాశయానికి చేరింది. ఏరు మారింది, యంత్రాలు మారాయి. మనిషి అవసరం మారలేదు.

ఇంతమంది చెమట నిలిచిన నీటి పక్కన కూర్చునేటప్పుడు, ఇది అడవిలో దొరికిన సరస్సు, డబ్బు చెల్లించి వాడుకొని పోదామనే బుద్ధి పుట్టకూడదు. ఆ నీటికి ఆయకట్టు రైతులున్నారు. తూము తీసి మూసే నీరుగంటి ఉన్నాడు. అందులో చేపపిల్లలను వదిలి పెంచుకున్న బెస్తవారున్నారు. చాలా చెరువులలో చేపల మీద హక్కు సహకార సంఘానిదో పాటదారుదో అయి ఉంటుంది. వారినడగక గాలం వేయడం ఒకరి పొలంలో కంకులు విరుచుకోవడం వంటిది. అడిగితే మాత్రం, ఎక్కడ లోతు, ఎక్కడ బురద, ఏ వేళకు ఏ చేప ఎర ముడుతుందో వారే చెబుతారు. ఆ మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

గాలం వేయడం పరదేశపు వేడుక అని కొందరనుకుంటారు. ఇంగ్లీషువారు ఈ విషయంలో ఐజాక్ వాల్టన్ 1653లో ప్రకటించిన గ్రంథాన్ని గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోదగినదే. కాని అంతకు అయిదు శతాబ్దాల ముందు, 1131 ప్రాంతంలో, కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో మత్స్యవినోదమనే ప్రకరణమే ఉన్నది. చేపల జాతులు, అవి తిరిగే తావులు, వాటికి వేయవలసిన మేత, గాలం, తాడు, కర్ర అన్నీ అందులో వర్ణితాలు. ఒక చక్రవర్తి, చేపను పట్టవలెనంటే మొదట చేపను తెలుసుకోవలెనని గ్రహించి, దానిని గ్రంథస్థం చేశాడు. మన కావ్యపురాణాలలోనూ బెస్తవాని స్థానం చిన్నది కాదు. భారతకథకు మూలమైన సత్యవతి దాశరాజు ఇంట పెరిగినది. శకుంతల ఉంగరాన్ని లోకానికి తిరిగి ఇచ్చినవాడు జాలరి.

గాలం పట్టినవాడు మొదట నేర్చేది చేపలు పట్టడం కాదు, కదలక కూర్చోవడం. కన్ను బెండు మీద, చెవి నీటి మీద, మాట గొంతులోపల. గంట సేపు ఒక్క వస్తువును చూడగలిగిన విద్యార్థి ఏ శాస్త్రమైనా నేర్వగలడు. ఆ గంటలో అతడు చూచేవెన్ని! కొర్రమీను నీటి పైకి వచ్చి గాలి పీల్చి పోతుంది. తన పిల్లల గుంపును కనిపెట్టుకొని తిరుగుతుంది. మన వైపు జిలేబి అని పిలిచే తిలాపియా ఆఫ్రికా జాతి. 1952లో మన దేశానికి తెచ్చారు. ఆ తల్లి గుడ్లను నోటిలో దాచుకొని పొదుగుతుంది. బొచ్చె పైనీటిలో మేస్తే, మోసు అడుగున మేస్తుంది. ఒకే చెరువులో ఎవరి అంతస్తు వారిది. జీవశాస్త్రమని వేరే పేరు పెట్టి గదిలో చెప్పేది దీనినే గదా!

సాహిత్యం చదివే పిల్లలకైతే చెరువు గట్టు రెండవ తరగతిగది. ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరు వర్ణన సందర్భంలో, రెక్కలలో తల దూర్చి నిద్రపోతున్న బాతులను చూచి, స్నానం చేసినవారు మరచిపోయిన బట్టలనుకొని తలారులు తీయబోవడం, అవి లేచి పరుగెత్తడం, అది చూచి ఆడపిల్లలు నవ్వడం మనం ఏటేటా చెబుతూనే ఉన్నాం. తెల్లవారుజామున నీటి ఒడ్డున పక్షిని చూడని విద్యార్థికి ఆ పద్యంలో వ్యాకరణం మిగులుతుంది గాని నవ్వు మిగలదు. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థి దశలోనే రచించిన ముసలమ్మ మరణం కూడా అట్టిదే. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ఆ ఇల్లాలు ప్రాణమిచ్చిన కథను, చీకటి పడిన తరువాత ఒక చెరువు కట్ట మీద వినవలెను. కట్ట అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

అతిథిధర్మమనే మాటకు నిదర్శనం కూడా మన సమీపంలోనే ఉన్నది. హిందూపురానికి చేరువలో, చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి ఏటా శీతకాలంలో రంగురెక్కల పెద్ద కొంగలు గుంపులుగా వచ్చి, ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరాక వెళ్లిపోతాయి. ఊరివారు వాటిమీద రాయి వేయరు, వేయనివ్వరు. పురిటికి వచ్చిన ఆడబిడ్డకు ఇచ్చే మన్నన వాటికి దక్కుతున్నది. చుట్టుపట్ల చెరువులలోని చేప వాటికి ఆహారం. చెరువెండిన ఏడు ఆ చెట్ల మీద సందడి తగ్గుతుంది. పక్షికి చోటిచ్చిన ఊరు మనిషికి ఇవ్వదా? ఇస్తుంది, కాని పక్షికున్న వినయం మనిషికీ ఉండవలెను. అది ప్లాస్టిక్ సంచులు వదిలిపోదు, సీసాలు పగులగొట్టదు, రాత్రంతా పాటల పెట్టె మోగించదు.

చక్రాల ఇల్లు కూడా మనకు కొత్తదేమీ కాదు. నిన్నమొన్నటి తరాలవారు కదిరి నరసింహస్వామి తిరునాళ్లకు గూడుబండి కట్టుకొని పోయేవారు. బండిలో వరిగడ్డి పరచి, బియ్యం మూట, పప్పు మూట, నాలుగు గిన్నెలు సర్దుకొని, పొద్దు వాలేసరికి ఏ చెరువు పక్కనో చింతచెట్టు కింద ఎద్దులను విప్పేవారు. మూడు రాళ్ల పొయ్యి మీద వంట, చెరువు నీటితో స్నానం, బండి కింద పిల్లల నిద్ర. పొద్దున బయలుదేరేటప్పుడు బూడిద మీద నీళ్లు చల్లి పోయేవారు. ఆ చివరి పని చిన్నది. కాని అందులో ఒక సంస్కృతి ఉన్నది. కారవాన్లు తప్పక రానీండి. ఆ నీళ్లు చల్లే చేయి కూడా వాటితో రావలెను.

దీనికి వచ్చే ఆక్షేపణలు నేనెరుగనివి కావు. కరువుసీమలో తాగే నీటికే తడుముకునేవారికి విహారమేమిటని మొదటి మాట. నీరు అరుదైన చోటనే గదా దానిని చూచి మురిసే కన్ను అవసరం! సింగయభట్టు కాలువ నీరు వచ్చిన దినాన పెనుకొండ జనం చూడడానికే పరుగెత్తి ఉంటారు. ప్రాణిహింస అని రెండవ మాట. దానిని నేను తోసివేయను. గాలం పట్టనొల్లని పిల్లవానికి కాగితం, పెన్సిలు ఇవ్వండి, పక్షులను లెక్కించమనండి. పట్టినవాడు మాత్రం తినదగినంత పట్టి, చిన్నచేపను తిరిగి నీటిలో విడువవలెను.

మూడవ మాట అన్నిటికంటె బరువైనది: ప్రమాదం. చెరువులలో పిల్లలు మునిగిపోయిన వార్త చదవని వేసవి లేదు. ఉపాధ్యాయులు భయపడడంలో న్యాయమున్నది. కాని ఆ పిల్లలలో ఎందరో పెద్దలకు చెప్పక, లోతు తెలియక దిగినవారే. నీటికి దూరంగా ఉంచడం ఒక రక్షణ అయితే, నీటిని తెలియజెప్పడం అంతకు మించిన రక్షణ. పూడికమట్టి తవ్విన గుంతలు ఎక్కడున్నాయో చెప్పి, మోకాటి లోతు దాటరాదని నియమం పెట్టి, ఈత వచ్చిన పెద్దలను, బెస్తవారిని వెంట ఉంచుకొని, తల్లిదండ్రుల అనుమతితో పోవలెను. వాన కాలంలో, మరవ పారుతున్నప్పుడు అసలే పోరాదు. 2021 నవంబరులో చిత్రావతి పొంగిన తీరు చూచినవారికి, ఇసుక ఏరు గంటలలో ఏమి కాగలదో తెలుసు.

అసలు ప్రమాదం మరొకటి ఉన్నది. దానికి చప్పుడు లేదు. కొళాయి ఇంటికి వచ్చింది, బోరు పొలానికి వచ్చింది; చెరువు మన దినచర్యలో నుండి తప్పుకున్నది. నీరు వచ్చే వంక ఎక్కడ పూడిపోయినదో, ఏ మూల ఎవరు కంచె వేశారో, ఊరి చెత్త ఎప్పుడు కట్ట దిగువకు చేరినదో అడిగేవారు తగ్గారు. పూర్వం ఆ ప్రశ్నలు వేసినది అధికారి కాదు. సాయంకాలం గట్టున కూర్చున్న మనిషి. ఆ మనిషి లేచిపోయాడు. చోటు ఖాళీగా ఉన్నది.

ఆ చోటులో మన విద్యార్థిని కూర్చోబెట్టుదాం. దూరపు కొండపట్టణాలకు బస్సు కట్టే విహారయాత్రల పక్కన, ప్రతి బడి తన ఊరి చెరువుకు ఏటా ఒక్క యాత్ర చేయవచ్చును. డిసెంబరు, జనవరి మాసాలలో ఒక మధ్యాహ్నం బయలుదేరి, పెద్ద తరగతులవారైతే రాత్రి గట్టు సమీపంలోని ఏ గుడి మండపంలోనో నిలిచి, తెల్లవారి పక్షులను చూచి రావచ్చును. తూము, మరవ, కట్ట, వంక, ఆయకట్టు అనే మాటలకు ఎదురుగా వస్తువును చూపవచ్చును. నీటి మట్టాన్ని ఒక రాతి గుర్తుతో కొలిచి, బడి పుస్తకంలో వ్రాసి ఉంచవచ్చును. పది సంవత్సరాల పాటు పిల్లలు వ్రాసిన ఆ లెక్క ఊరికే ఒక ఆస్తి అవుతుంది. ఖర్చు కొద్దిపాటి బియ్యం, కొన్ని గాలాలు, చలికి దుప్పట్లు.

చెరువు కట్టించినవారి పేర్లు రాళ్ల మీద ఉన్నాయి. దానిని నిలిపినవారి పేర్లు ఎక్కడా లేవు. వారు కేవలం అక్కడ కూర్చునేవారు, చూచేవారు, అడిగేవారు. మన పిల్లలకు మొదటి కీర్తి దక్కకపోవచ్చును. రెండవ పని మాత్రం ఈ శీతకాలంలోనే వారికి అప్పగించవచ్చును.