గోడ తీసే ముందు ఒక్క కాగితం

రాంగోపాల్‌పేట్ ఇళ్ల యజమానులకు, దుకాణదారులకు, మేస్త్రీలకు, వార్డు ఆఫీసుకు

రాంగోపాల్‌పేట్ గల్లీల్లో ఏ నెల తిరిగినా ఎక్కడో ఓ చోట బ్రేకర్ మిషన్ మోగుతూనే ఉంటుంది. ఇంటి ముందు గది దుకాణం అవుతుంది. దుకాణం పెరిగి వెనక గదిని కలుపుకుంటుంది. కొడుక్కి పెళ్లి కుదిరితే హాలూ వంటిల్లూ ఒక్కటి చేద్దామంటారు. అన్నిటికీ అడ్డం గోడే. ఇంటాయన గోడవైపు చూసి, మేస్త్రీవైపు చూస్తాడు. "ఇది తీస్తే ఏం గాదు గదా?" "ఏం గాదు సేఠ్, మీద గర్డర్ ఏస్త." మర్నాడు పొద్దున్నే సమ్మెట లేస్తుంది. ఆ ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఇంజినీరు లేడు, లెక్క లేదు. పై వాటాలో అద్దెకున్నవాళ్లకు కబురైనా లేదు.

ఈ కరపత్రం కోరేది ఒక్కటే. బరువు మోసే గోడ మీద దెబ్బ పడేముందు స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో ఒక కాగితం చేతిలో ఉండాలి. ఆ కాగితం మామూలు మనిషికి తేలిగ్గా దొరికే దారి జీహెచ్‌ఎంసీ చూపించాలి.

గోడ ఎంత మోస్తుందో లెక్క వేసుకుంటే విషయం తేలుతుంది. పక్కపక్కన పన్నెండేసి అడుగుల వెడల్పున్న రెండు గదులు, మధ్యలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన ఒక అంతస్తు ఉన్న ఇల్లు అనుకుందాం. కింది గోడలో పది అడుగులు తీసేయాలి. అయిదంగుళాల స్లాబు, పైన ఫ్లోరింగు, మనుషులూ మంచాలూ బీరువాలూ కలిపి చదరపు అడుగుకు దాదాపు 55 కిలోలు. రెండు గదుల స్లాబులోనూ చెరి సగం ఈ గోడ మీదికే వస్తుంది. అంటే 120 చదరపు అడుగులు, సుమారు 6,600 కిలోలు. దాని మీద పై అంతస్తు గోడ పదడుగుల ఎత్తుంటే ఇటుక బరువే నాలుగు టన్నులు. ఆ పైన డాబా స్లాబు మరో ఆరున్నర టన్నులు. మొత్తం పదిహేడు టన్నుల పైమాటే. డాబా మీద సింటెక్స్ ట్యాంకు ఉంటే అది అదనం.

గోడ పోయినంత మాత్రాన ఆ పదిహేడు టన్నులు పోవు. వేసిన గర్డరు రెండు కొసలకూ చేరి, చెరో ఎనిమిదిన్నర టన్నులై దిగుతాయి. నిన్నటిదాకా పదడుగుల పొడవునా పరచుకుని పునాదికి చేరిన బరువు ఇవాళ రెండు చోట్ల, జానెడు మేర ఇటుక మీద కూర్చుంటుంది. గర్డరు వంగకపోయినా దాని కింద ఇటుక నలగొచ్చు. ఇటుక నలగకపోయినా పునాది కుంగొచ్చు. "మీద గర్డర్ ఏస్త" అన్న మాట పూర్తి జవాబు కాకపోవడం ఇందుకే.

పేటలోని పాత కట్టడాల సంగతి ఇంకా సున్నితం. దివాన్ బహద్దూర్ సేఠ్ రాంగోపాల్ విరాళంతో 1900 ప్రాంతంలో లేచిన జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ ఇప్పటికీ ఎం.జి. రోడ్డు మీద నిలబడే ఉంది. ఆ కాలపు ఇళ్లలో బరువంతా గోడలదే, పిల్లర్లు ఉండవు. డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడల మీద టేకు దూలాలో ఇనుప గర్డర్లో పరిచి, వాటి మీద ఇటుకో బండలో వేసి గచ్చు చేశారు. గోడా పైకప్పూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒక గోడ కదిలితే దూలం కొస జారుతుంది. పైగా రెండిళ్లకూ కలిపి ఒకటే గోడ ఉన్న చోట్లు ఎన్నో. ఇక్కడ తీసేది పక్కింటాయన పైకప్పుకీ ఆధారమే.

బరువు గోడను గుర్తుపట్టడం ఎలా? ఫోన్‌లో విదేశీ వీడియోలు చూసి గోడను తట్టి, చప్పుడు వినేవాళ్లున్నారు. అమెరికాలో ఇళ్ల లోపలి గోడలు చాలావరకు చెక్క ఫ్రేముకు జిప్సం బోర్డు కొట్టినవి. ఆ తట్టుడు అక్కడిది. మన ఇటుక గోడ ఎక్కడ తట్టినా ఒకేలా పలుకుతుంది. తొమ్మిదంగుళాలో అంతకు మించో మందం ఉంటే, పై అంతస్తులో సరిగ్గా దాని మీదే మరో గోడ ఉంటే, దూలాల కొసలు దానిలోకి దూరి ఉంటే అది బరువు గోడే అనుకోవాలి. నాలుగున్నర అంగుళాల గోడ అయినంత మాత్రాన భయం లేదనీ కాదు. ఏళ్ల తరబడి స్లాబు కిందికి వంగి పలచటి గోడ మీద ఆనిపోవడం మామూలే. పిల్లర్ల ఇంట్లో గోడలు తీయొచ్చు, పిల్లరు మూల కూడా చెక్కకూడదు. ఇన్ని చెప్పినా ఇవి అనుమానం తెచ్చుకోవడానికే పనికొస్తాయి. తేల్చాల్సింది ఇంజినీరే.

2017 జులై 25న ముంబయి ఘాట్‌కోపర్‌లో సాయి సిద్ధి అనే నాలుగంతస్తుల కట్టడం కుప్పకూలి 17 మంది చనిపోయారు. కింది అంతస్తులో నర్సింగ్‌హోమ్‌ నడిచిన చోట మార్పులు జరుగుతున్నాయి. ఆ పనిలో పిల్లర్లను కదిపారన్న ఆరోపణ మీద పోలీసులు ఆ చోటి యజమానిని అరెస్టు చేశారు. పైన కాపురాలున్నవాళ్లు పని వద్దని మొత్తుకున్నారన్న వార్తలు అప్పట్లో వచ్చాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2013 సెప్టెంబరు 27న, అదే నగరంలో డాక్‌యార్డ్ రోడ్డులో కార్పొరేషన్ ఉద్యోగుల క్వార్టర్లు కూలి 61 మంది పోయారు. అక్కడా కింది అంతస్తు గోడౌనులో చేసిన మార్పుల మీదే కేసు నడిచింది. పొరపాటు అమాయకులే చేస్తారనుకోనక్కర్లేదు. 2023 మే 28న అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో ఆరంతస్తుల పాత ఇటుక భవనం గోడ మరమ్మతు చేస్తుండగా కూలి ముగ్గురు చనిపోయారు. పని జరుగుతున్నప్పుడు తగినన్ని ఆధారాలు నిలబెట్టలేదని దర్యాప్తులో తేలింది. అక్కడ పర్మిట్ ఉంది, ఇంజినీరూ ఉన్నాడు.

మనకు మరీ దగ్గర్లోని పేరు సిటీ లైట్ హోటల్. 2013 జులై 8 పొద్దున్నే ఆర్.పి. రోడ్డులోని ఆ పాత ఇరానీ హోటల్ కట్టడం కూలి పదిహేను మందికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి వానాకాలం ముందు పాత ఇళ్లకు నోటీసులు అంటించడం మీద శ్రద్ధ పెరిగింది. మంచిదే. అయితే నోటీసు శిథిలమైన ఇంటికే వస్తుంది. బయటికి గట్టిగా కనిపిస్తూ లోపల గోడ పోగొట్టుకున్న ఇల్లు ఏ జాబితాకూ ఎక్కదు. 2023 జనవరిలో నల్లగుట్టలో డెక్కన్ మాల్ కాలిపోయినప్పుడు ముగ్గురు కార్మికులు తిరిగి రాలేదు. చుట్టుపక్కల కాపురాలు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఒక కట్టడానికి జరిగేది గల్లీ మొత్తానికి జరుగుతుందని ఈ పేటకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గోడలు తీయొద్దని ఎవరూ అనడం లేదు. పద్ధతిగా తీస్తే ఇల్లు నిక్షేపంగా ఉంటుంది. ముందు ఇంజినీరు లెక్క కట్టి గర్డరు సైజు, కొసల కింద కాంక్రీటు బెడ్ బ్లాకుల కొలత, పునాది చాలుతుందో లేదో రాసివ్వాలి. తర్వాత తీయబోయే భాగం పైన గోడకు అడ్డంగా కన్నాలు పెట్టి, వాటిలోంచి ఇనుప దూలాలు దూర్చి, అటూ ఇటూ జాకీలతో ఎత్తిపట్టాలి. జాకీలు టైల్స్ మీద కాదు, గట్టి నేల మీదో, బరువు పంచే మందపాటి పలకల మీదో నిలవాలి. పైన కాపురముంటే ఆ రోజుల్లో ఆ గదులు ఖాళీ చేయాలి. అప్పుడే గోడ ముట్టుకోవాలి, అదీ సమ్మెటతో బాదకుండా పైనుంచి వరసవరసగా ఇటుక ఊడదీస్తూ. గర్డరుకూ పై గోడకూ మధ్య సందును ఇటుక ముక్కలతో నింపితే లాభం లేదు. కుంచించుకుపోని గ్రౌటుతో బిగించాలి. అది గట్టిపడే దాకా జాకీలు కదపకూడదు. సాయంత్రానికి అద్దె జాకీలు వాపసివ్వాలన్న తొందరే చాలాచోట్ల కొంప ముంచుతుంది. ఇనుముకూ పనిముట్లకూ రాణిగంజ్ పక్కనే ఉంది. కొరతల్లా లెక్క కట్టే మనిషిని పిలవడంలోనే.

ఇక చట్టం. పైకప్పు మోసే గోడను తీసి మార్పులు చేయాలంటే ముందుగా కమిషనర్‌కు తెలపాలన్న నియమం 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలోనే ఉంది. ఎవరూ తెలపరు. ఎందుకని? ఆఫీసుకు వెళ్తే లేనిపోని తంటా, పాత ప్లాను అడుగుతారు, ఎప్పటిదో మెట్ల గది బయటపడుతుంది అన్న భయం. ఆ భయం ఉత్తది కాదు. దాన్ని పోగొట్టకుండా జరిమానాలు పెంచితే జనం రాత్రిళ్లు పగలగొడతారు, అంతే తేడా.

అందుకే ఈ కోరిక. 2020లో ఇళ్ల పర్మిషన్ల ఆన్‌లైన్ పద్ధతి టీఎస్-బీపాస్ వచ్చినప్పుడు 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకు పర్మిషన్ బాధ తప్పించి, ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్ పెట్టారు. కొత్త ఇంటికి అంత సులువు చేయగలిగిన ప్రభుత్వం పాత ఇంటి గోడకు చేయలేదా? ఆన్‌లైన్‌లో అలాంటిదే ఒక దరఖాస్తు పెట్టాలి. లైసెన్సున్న ఇంజినీరు రాసిచ్చిన ఒక పేజీ, గోడ ఫోటో, పని తేదీ చాలు. ఇంటి పాత లోపాలు తవ్వడానికి దాన్ని వాడబోమని రాసి ఉండాలి. వార్డు ఆఫీసులో ఇంజినీర్ల పేర్లు, ఫీజు బోర్డు మీద రాసి పెట్టాలి. పేదవాళ్ల ఇళ్లకు ఆ ఫీజు కార్పొరేషనే భరించాలి. ఖర్చంటారా? ఒక్క శిథిలాల కుప్ప తీయడానికి పెట్టే డబ్బుతో ఎన్నో గోడలు పరీక్షించొచ్చు.

ఆఫీసు కదిలేదాకా ఊరుకోనక్కర్లేదు. దుకాణం అద్దెకిచ్చేవాళ్లు కాగితం లేకుండా గోడగానీ పిల్లరుగానీ ముట్టుకోరాదన్న షరతు అగ్రిమెంటులో ఇవాళే రాయించుకోవచ్చు. మేస్త్రీలకు ఒక మాట. గోడ కూలితే ముందు దాని కింద ఉండేది మీరూ మీ కూలీలూ. ఇంజినీరు చీటీ లేకపోతే సమ్మెట ఎత్తనని చెప్పే హక్కు మీది. ఆ మాటన్న మేస్త్రీని మార్చేయకండి, నమ్మండి.

మీ ఇంట్లో ఇప్పటికే గోడ తీసి ఉంటే ఈ వారమే ఒకసారి చూసుకోండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగే కొత్త పగులు, వాన లేకున్నా బిగుసుకుపోయే తలుపు, గర్డరు కొస దగ్గర రాలుతున్న సున్నం కనిపిస్తే ఇంజినీరును పిలవండి. పగులు గంట గంటకూ పెరుగుతుంటే సామాను సంగతి తర్వాత, ముందు మనుషులు బయటికి రండి. పక్కింటివాళ్లనూ లేపండి. 112కు ఫోన్ చేయండి. మిగతావాళ్లు ఈ కోరికను నాలుగు వాక్యాల్లో రాసి, గల్లీలోని ఇంటింటి సంతకాలతో వార్డు ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి.