బొమ్మకు పదికి నాలుగా?

ఆరేళ్ల పిల్ల ఆర్టీసీ బస్సు వేస్తుంది. బస్సుకు రేకు ఉన్నా లోపల కూర్చున్న అమ్మమ్మ చీర అంచు దాకా కనిపిస్తుంది. కండక్టరు బస్సు కంటే పెద్దగా ఉంటాడు, టికెట్ అడిగేది ఆయనే కదా! టీచరు ఎర్ర పెన్ను తీసి ‘నీట్‌గా లేదు’ అని రాసి పదికి నాలుగు వేస్తుంది.

ఏ కొలబద్దతో వేశారమ్మా ఆ నాలుగు?

పిల్లలు కంటికి కనపడేదాన్ని వదిలి తమకు తెలిసిందే గీస్తారని ఫ్రెంచి పరిశోధకుడు లూకే 1927లోనే పుస్తకం రాశాడు. అమ్మమ్మ బస్సులో ఉందని పిల్లకు తెలుసు, అందుకే కనిపించి తీరాలి. పిచ్చిగీతల దగ్గర్నుంచి పిల్లల బొమ్మలు ఏ వయసులో ఏ దశ దాటుతాయో 1947లో విక్టర్ లోవెన్‌ఫెల్డ్ వివరంగా రాశాడు. తన వయసు దశలో ఉన్నందుకు పిల్లకు మార్కులు కోయడమంటే పాలపళ్లు ఊడాయని జరిమానా వేయడమే.

మరి పదికి పది ఎవరికి? రెండు కొండలు, నడుమ సూర్యుడు, వంకర ఏరు, గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు వేసినవాడికి. కాకినాడలో సముద్రం పక్కన పుట్టిన పిల్లాడూ అదే వేస్తాడు, కరీంనగర్ పిల్లా అదే వేస్తుంది. ఏ బొమ్మకు మార్కులు రాలతాయో వాళ్లు రెండో తరగతికే కనిపెట్టేస్తారు. కనిపెట్టలేనివాళ్లు ‘నాకు బొమ్మలు రావు’ అని క్రేయాన్ల డబ్బా మూసేస్తారు. ఇక ప్రాజెక్టు చార్టులంటారా, అక్కడ మార్కులు పడేది అమ్మానాన్నలకూ నెట్ సెంటరు కలర్ ప్రింటుకూ.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలంది, పిల్లకు భయం, ఆందోళన ఉండకూడదనీ అంది. మన రెండు రాష్ట్రాల్లో అదంతా రిజిస్టరులో ఒక గడి అయి కూర్చుంది. ‘కళలు, సాంస్కృతిక విద్య’ కింద గ్రేడు ఎలా పుడుతుందో స్టాఫ్‌రూములో అందరికీ తెలిసిందే. గడువు ముందు రోజు సాయంత్రం లెక్కల్లో ఫస్టు వచ్చినవాడికి ఎ ప్లస్, వెనక బెంచీకి బి. ఒక్క బొమ్మా చూడనక్కర్లేదు! అదే చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు 100 దాటితే పార్ట్‌టైమ్ ఆర్ట్ బోధకుడుండాలి. మీ ఊరి బడికెళ్లి ఆయన ఎక్కడున్నాడో వెతకండి. ఎక్కడైనా డ్రాయింగ్ మాస్టారు మిగిలున్నా ఆయన పీరియడు లెక్కల సారు ఎత్తుకుపోతాడు. నేర్పే మనిషి లేడు, గ్రేడు మాత్రం ఠంచనుగా వస్తుంది.

మార్కులు లేకపోతే పిల్లలు లెక్కచేయరట! సుద్దముక్క దొరికితే అరుగంతా నింపే పిల్లకు ఎవరు మార్కులిస్తున్నారు? పోనీ చూడకుండానే ‘సూపర్’ అని స్టారు అంటించేవాళ్లు మంచివాళ్లా? అదీ మార్కే, కాస్త తియ్యటి మార్కు.

టీచర్లూ, పిల్లల బొమ్మ మీద ఎర్ర పెన్ను పెట్టకండి. వెనకవైపు తేదీ వేయండి. ‘ఇదేంటో చెప్పమ్మా’ అని అడిగి, పిల్ల ఏం చెబితే అదే రాయండి. జూన్‌లో వేసిందీ మార్చిలో వేసిందీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏం ఎదిగిందో, దేనికి జంకుతోందో ఆ రెండు కాగితాలే చెబుతాయి. తనిఖీకి వచ్చిన అధికారి గ్రేడు ఏదని గద్దిస్తే ఆ బొమ్మల కట్ట ఆయన చేతిలో పెట్టండి, కూర్చుని చూడమనండి.