ఎవరి నీళ్ళకు శుద్ధి?

బావినీళ్ళు పెట్రోలు వాసన కొడితే ఏం చెయ్యాలో సైన్సుకు తెలుసు. ముందు లీకు ఆపాలి. ఆ బావి తాగేవాళ్ళకు ఆరోజే వేరే మంచినీళ్ళివ్వాలి. నీటిమీద తేలే చమురును తోడెయ్యాలి. తడిసిన మట్టిని తవ్వి శుభ్రం చెయ్యాలి. కరిగిపోయిన విషం పోవాలంటే నీటిని పైకి తోడి, గాలి పట్టించి, బొగ్గుపొరల గుండా పంపాలి. మిగిలిందాన్ని చమురు తినే సూక్ష్మజీవులు ఏళ్ళ తరబడి తినాలి. కాచుకు తాగితే చాలదు. క్రిములు చస్తాయి గానీ బెంజీన్ ఆవిరై ఇంట్లోనే చేరుతుంది. అది రక్తకాన్సర్ తెచ్చే విషం.

ఇంత తెలిసీ బావులెందుకు బాగుపడవు?

నైజీరియాలో ఒగోని ప్రజల నేలనుంచి 1950ల నుంచీ చమురు తోడుకున్నారు. అన్యాయమన్న రచయిత కెన్ సారో వివాను, మరో 8 మందిని 1995 నవంబర్ 10న సైనిక ప్రభుత్వం ఉరి తీసింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ నివేదిక వచ్చింది. నిసిసియోకెన్ ఒగాలే అనే ఊళ్ళో జనం తాగే బావుల్లో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు 900 రెట్లు పైన ఉంది! అక్కడ భూగర్భజలం మీద 8 సెంటీమీటర్ల మందాన చమురు తేలుతోంది! ఒగోని నేల బాగుపడాలంటే 25 నుంచి 30 ఏళ్ళు పడుతుందనీ, మొదటి ఐదేళ్ళకే 100 కోట్ల డాలర్లు కావాలనీ లెక్క తేల్చారు. అయినా ప్రభుత్వం శుద్ధి కార్యక్రమాన్ని ప్రారంభించింది 2016లో. ఆ ఐదేళ్ళూ జనం దాహం ఆగిందా?

శుద్ధి అనే మాట మనకు కొత్తది కాదు. 1927లో మహద్ చెరువు నీళ్ళను అంబేద్కర్, ఆయన వెంట నడిచిన జనం తాగితే, సవర్ణులు పేడా మూత్రం కలిపిన పంచగవ్యం పోసి ఆ చెరువును 'శుద్ధి' చేశారు. ఏ మలినమూ లేని నీళ్ళకు అంత తొందర! నిజంగా విషం కలిసిన ఒగోని బావులకు మాత్రం ఇంత ఆలస్యం! నీళ్ళలో ఏముందన్నది కాదు, ఆ నీళ్ళు ఎవరు తాగుతారన్నదే పెద్దలకు లెక్క. అక్కడ జాతి, ఇక్కడ కులం.

అందుకే మేం చెప్పేదొకటే. ట్యాంకరు పంపడం సాయమే గాని శుద్ధి కాదు. నీటి పరీక్షల కాగితం ముందు ఆ నీళ్ళు తాగేవాళ్ళ చేతికి, వాళ్ళ భాషలో రావాలి. ఖర్చు పాడుచేసినవాడే పెట్టాలి. బావి బాగుపడిందని చెప్పే హక్కు కంపెనీకి ఉండకూడదు. బయటివాళ్ళు చేసిన పరీక్ష చూసి తాగేవాళ్ళు ఒప్పుకోవాలి. దీన్ని దయగా అడగొద్దు, బాకీగా అడుగుదాం.